చేతిలో ఒకటి

షెఫీల్డ్‌లో, డాన్ నది ఒడ్డున,
ఒకప్పుడు కత్తెరలు సానపట్టిన గదిలో
నేను గుణకారం సానపడుతున్నాను.
కిటికీ అద్దం మీద నవంబరు వాన.
గోడ పగుళ్లలో ఇంకా
ఎవరో పీల్చగా మిగిలిన రాతిధూళి.

పరిచయం లేని రెండు యంత్రాలు
మాట కలిపేముందు ఒక రహస్యం వండుకోవాలి.
కెర్నెల్ అడుగున ఆ వంట నాది.
అక్కడ నాదంటూ ఏదీ లేదు.
ఎవరి పనో మధ్యలో ఆపి
వాళ్ల రిజిస్టర్లు బదులు తెచ్చుకుంటాను.
పనయ్యాక ఎక్కడివక్కడ,
గిన్నె కడిగి తిరిగిచ్చినట్టు
లోపల ఏం వండానో వాసన రాకుండా.

సంఖ్య పెద్దది, ఏ రిజిస్టరులోనూ పట్టదు.
అయిదు ముక్కలు చేస్తాను.
ముక్కకి యాభై ఒక్క బిట్లు, పైన పదమూడు ఖాళీ,
దోసెల పిండి పొంగుతుందని
వెలితి ఉంచినట్టు.

మిగతాదంతా ఒకటో తరగతి లెక్కే.
ఎనిమిదీ ఏడూ పదిహేను,
అయిదు వెయ్యి, ఒకటి చేతిలో పెట్టుకో.
చేతిలో ఒకటి.
ఆ మాట అనుకుంటే ఇప్పటికీ
నా కుడిచెయ్యి కొంచెం ముడుచుకుంటుంది.

ఒక్కటే కట్టుబాటు:
'అయితే' అనకూడదు.
ఈ బిట్టు ఒకటైతే ఇటు, సున్నా అయితే అటు
అని దారి చీల్చకూడదు.
గోడలకు చెవులుంటాయంటారు,
ఈ గోడలకు గడియారాలున్నాయి.
సున్నాకెంతసేపో ఒకటికీ అంతేసేపు,
జోకరు పడ్డా చెత్తముక్క పడ్డా
ఒకే మొహం పెట్టే పేకాటరాయుడిలా.

నాలుగు వారాలు.
ఒక గుణకారం జవాబు చెప్పేలోగా
దాని నీడన రెండు కూడికలు దూర్చాను.
గురువారం అర్ధరాత్రి
ఆఖరి మెట్టు మీద కన్ను పడింది.
అదడిగేది ఇంతే:
వచ్చినదానికి పందొమ్మిది కలిపి చూడు,
చివర చేతిలో ఒకటి మిగిలితే
ఇంకోసారి తగ్గించు.
కోటిసార్లు నడిపాను.
కోటిసార్లూ చేతిలో సున్నా.
ఎవరికోసమే తల్లీ నువ్వు, అని తీసేశాను.

పదకొండు సైకిళ్లు ఆదా.
పరీక్షలన్నీ పచ్చగా వెలిగాయి.
ఇంటికి ఎత్తెక్కుతుంటే దారంతా
పదకొండు నాణేలు జేబులో గలగల.

సోమవారం డొరోటా దగ్గర్నించి సమీక్ష.
తిట్టు లేదు, మెచ్చుకోలు లేదు.
ఒకదాని కింద ఒకటి పందొమ్మిది సంఖ్యలు,
ప్రతిదీ నా కోడులోంచి
తప్పు మొహంతో బయటికొచ్చేది.
అంత సంఖ్యాలోకంలో ఆ పందొమ్మిదే.
సూర్యుడు ఆరేదాకా పాచికలు వేసినా నాకు పడవు.
పనిగట్టుకుని వెతికేవాడికి
మధ్యాహ్నం టీలోపు దొరుకుతాయి.

కింది అంతస్తులో ఒక సానరాయి ఇంకా తిరుగుతుంది.
స్టానిఫోర్త్, జేబుకత్తులు చేస్తాడు.
ఎడమచేతి చూపుడువేలికి పై కణుపు లేదు.
ఎలా పోయిందని ఆ రోజే అడిగాను,
ఏడాదిగా అడగనిది.
"రాయికి అడ్డు ఒకటుండేది, విప్పేశా.
ముప్ఫై ఏళ్లు దానివల్ల నాకొరిగిందేమీ లేదు మరి."
నీ సంగతేమిటన్నాడు. పదకొండు సైకిళ్లన్నాను.
సైకిలంటే ఎంతసేపు?
సెకనులో మూడొందల కోట్లోవంతు.
ఆయన నవ్వు ఆపుకుని
బిస్కెట్ల డబ్బా నావైపు జరిపాడు.

మెట్టు తిరిగి పెట్టాను, 'అయితే' లేకుండా.
చేతిలో ఏముంటే దాన్ని పందొమ్మిదితో హెచ్చవేసి
కలిపెయ్యడమే, సున్నా అయినా సరే.
ఈసారి ఏడు సైకిళ్లలో సర్దింది.
నాలుగు నాకే మిగిలాయి, వాటిని ఎవరికీ ఇవ్వను.

ఆ వరస నెత్తిన ఒక షరా రాశాను:
ఇది దాదాపు ఎప్పుడూ సున్నాయే.
కింద డొరోటా ఒక్క మాట చేర్చింది:
తియ్యకు.